ఆరో గీత

ఎర్రబండ మోడి బడి,
కోడుమూరు టపా,
7 మార్చి 1955, సోమవారం.

మబ్బు లేదు. పడమటి గాలి, దుమ్ము. పొద్దున విభూతి జల్లెడ పట్టి మూడు కుండలకు ఎత్తి మూతలు కట్టాను.

చిరంజీవి ఓబులేసును మీ నాయన దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగున్నాము. ఎర్రావు ఈని పన్నెండు రోజులైంది, కోడెదూడ. కడపలో నీ ఒళ్ళూ నీ పనీ సరిగ్గా ఉన్నాయని అనుకొని తక్కిన సంగతులు రాస్తున్నాను.

నీ ఉత్తరం ఫిబ్రవరి 24, గురువారం నాడు అందింది. జవాబు పదకొండు రోజులు ఆలస్యమైంది. దానికి కారణం ఉంది, కిందికి వచ్చాక రాస్తాను. నేను ఇంత పొడుగు ఉత్తరం రాయడం నీకు కొత్తగా ఉండవచ్చు. ఇప్పుడు నాకు తీరిక ఉంది. ఆ తీరిక ఎందుకు వచ్చిందో కూడా కిందనే ఉంటుంది.

ముందు నువ్వు అడిగినవి. మీ అమ్మ మోకాళ్ళు అట్లాగే ఉన్నాయి. ఆముదం రాసి కాపడం పెట్టుకుంటుంది, మళ్ళీ అటక ఎక్కుతుంది. దిగమంటే వినదు. మొన్న పోటీల రెండు రోజులూ బడి వంటింట్లో నలభై మందికి జొన్నరొట్టెలు తనే కొట్టింది. బావిలో నీళ్ళు తొమ్మిది మెట్లు దిగాయి. బట్టలకు హంద్రిలో చెలమలు తోడుకుంటున్నాము. ఈరక్క పొగాకు మానిందా అని అడిగావు. మానలేదు. బడికి పెద్ద, ఆమెకు చెప్పేదెవరు? పళ్ళు మూడే మిగిలాయి. పొగాకుకు మూడు చాలునంటుంది.

ఆమె పక్కన నీకు వేసిన పీట ఎవరికిచ్చారని అడిగావు. ఎవరికీ ఇవ్వలేదు. గెలిచినవాడు మరునాడే బడి విడిచి ఊళ్ళు తిరిగి ఏడాది లోపల వచ్చి ఆ పీట మీద కూర్చోవాలి, అది ఆచారం. నువ్వు రాలేదు. రెండో ఏడు ఇద్దరు ముగ్గురు ఆ పీట అడిగారు. ఈరక్క దాని మీద తన పొగాకు సంచి పెట్టుకుంది. ఇప్పటికీ అదే ఉంది.

మోడి అంటే ఏమిటని బండల యార్డులో నీ తోటివాళ్ళు అడిగితే గారడీ అని చెప్పి ఊరుకున్నానని రాశావు. గారడీ అని చెప్పవద్దు. గారడీలో చూసేవాడు మోసపోతాడు. మోడిలో మోసం లేదు. అడిగితే ఈ విధంగా చెప్పు. అలికిన కళ్ళంలో విభూతితో ఏడు గీతలు గీస్తారు. ఏడో గీత అవతల ఒక నిమ్మకాయ ఉంటుంది. ఒకడు కట్టేవాడు, ఒకడు ఎత్తేవాడు. కట్టేవాడు మొదటి ఆరు గీతల మీద ఆరు కట్లు వేస్తాడు. కాలికట్టు పడితే పాదం లేవదు, నోటికట్టు పడితే మాట రాదు, ఆ తీరుగా. ఎత్తేవాడు ఒక్కో కట్టుకు విరుగుడు కనుక్కొని దాటి పోయి నిమ్మకాయ ఎత్తితే గెలిచినట్టు. ఆగిపోతే ఓడినట్టు. గీత దాటినా కట్టు మనిషిని విడవదు, పొద్దు గుంకేలోపల కట్టినవాడే తను వేసిన కట్లన్నీ విప్పాలి. ఇంకొకరు విప్పలేరు.

వీళ్ళిద్దరూ కాక రాసేవాడు ఒకడు ఉంటాడని కూడా చెప్పు. ముప్పై ఏళ్ళుగా అది నేను. కట్టేవాడు ఏ గీత మీద ఏ కట్టు వేశాడో వచ్చి నా చెవిలో చెబుతాడు, నేను చిట్టాలో రాస్తాను. ఎత్తేవాడికి తెలియకూడదు. అందుకని చిట్టా తెరిచింది మొదలు మూసేదాకా రాసేవాడు తల ఎత్తకూడదు. ఎత్తితే ముఖంలో తెలిసిపోతుంది. ఆట అయ్యాక కట్టినవాడు వచ్చి ఒక్కో కట్టు పేరు చెప్పి విప్పి, విభూతిలో బొటనవేలు ముంచి ఆ వరస పక్కన ముద్ర వేస్తాడు. ముద్ర పడితే విడుపు అయినట్టు. వేసినవాడు తను ఎన్ని వేశాడో ఎన్ని విప్పాడో ఆ అలసటలో మరిచిపోవచ్చు. చిట్టా మరిచిపోదు. అందుకే ఈ బడిలో నోటి మాటకు విలువ లేదు, ముద్రకే విలువ.

ఇక ఈ ఏటి పోటీలు. శని, ఆదివారాలు జరిగాయి. ఎనిమిది మంది పిల్లలు దిగారు. నేను చూడలేదు కాబట్టి చెవికి విన్నది రాస్తున్నాను. పక్కవాళ్ళు తరువాత చెప్పింది కొంత కలిపాను.

శనివారం కర్నూలు నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. కర్నూలు రాజధాని అయ్యాక ఆఫీసులన్నీ డేరాల్లో నడుస్తున్నాయి కదా, డేరాలో ఉక్కపోసి ఇటు వచ్చినట్టున్నాడు. సర్కారు జిల్లాల మాట. ఈరక్క పక్కన కుర్చీ వేశారు.

"ఇందులో మోసం ఏమైనా ఉందాండీ?" అని అడిగాడు.

"ఉండాది నాయనా," అంది ఈరక్క. "పొద్దున్నుంచి నిన్ను ఎండలో కూసోబెట్టి మజ్జిగ ఇయ్యకపోవడమే మోసం. మేయ్ వేణమ్మా, సారుకు మజ్జిగ తేమ్మా."

మీ అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి ఆయన లేచి, గీతంటే గీతే కదా అని మొదటి గీత తొక్కాడు. అప్పుడే దాసన్న దాని మీద కాలికట్టు వేసి ఉన్నాడు. దాసన్న అంటే కోడుమూరు పడమటి వీధి పిల్లవాడు, నువ్వు ఉన్నప్పుడు కుండలు కడిగేవాడు, ఇప్పుడు మీసం వచ్చింది. ఆఫీసరు కాలు లేవలేదు. అరిచాడు. చివరికి బూటు ముడి విప్పి కాలు ఒక్కటి బయటికి లాక్కున్నాడు. బూటు సాయంత్రం దాకా గీత మీదనే ఉంది. బూటుకు కట్టు పడినట్టు చిట్టాలో రాయడం నాకు ఇదే మొదలు. దాసన్న విప్పి, తుడిచి ఇచ్చాడు. ఆయన తీసుకొని జీపెక్కాడు, మోసం సంగతి మళ్ళీ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఆట. దాసన్న కట్టాలి, రామలక్ష్మమ్మ ఎత్తాలి. రామలక్ష్మమ్మది మహానంది. నీతో ఆఖరి ఆట ఆడిన గిడ్డమ్మ పెళ్ళై మహానందిలో ఉంటుందని నీకు తెలుసో లేదో. మొగుడికి గుడి దగ్గర కొబ్బరికాయల అంగడి. వెనక వసారాలో ఆమె నలుగురైదుగురు పిల్లలకు మోడి నేర్పుతోంది. వాళ్ళలో పెద్ద పిల్ల ఈ రామలక్ష్మమ్మ. గిడ్డమ్మే వెంటబెట్టుకొని వచ్చింది. పెళ్ళయ్యాక గిడ్డమ్మ ఇక్కడికి రావడం ఇదే మొదలు.

మూడో గీత మీద నవ్వుకట్టు. ఆ పిల్ల గీత తొక్కగానే నవ్వు మొదలైంది. కూలబడింది. కళ్ళంలో ఆమె గాజుల చప్పుడు, నవ్వు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"నవ్వు మేయ్, నవ్వు. పొద్దు గుంకేదాకా నవ్వు," అన్నాడు దాసన్న.

"నీ మొగం చూస్తే కట్టు లేకపోయినా నవ్వొస్తాది లే, దాసన్నా!" అంది ఆ పిల్ల రొప్పుతూ. జనం ఈలలు వేశారు. అంతలో నవ్వు ఆగి దగ్గు వినపడింది. కొంగు ముడిలో పచ్చిమిరపకాయ తెచ్చుకొని కొరికిందట.

ఆరో గీత మీద దప్పికకట్టు వేశాడు. ఎండ చూసుకొని వేశాడు, తెలివైనవాడే. ఆ గీత మీద నీళ్ళు తాగినవాళ్ళు ఓడినట్టు. ఆ పిల్ల పిడచకట్టుకుపోయిన నాలుక ఆడించడం నాకు వినపడింది. "నీళ్ళు, అక్కా, నీళ్ళు," అంది. గిడ్డమ్మ నా వెనకే కూర్చుని ఉంది. నేల మీద గాజులు రాసుకున్న చప్పుడు వినపడింది. తరువాత అందరూ ఒక్కసారిగా అరిచారు. కింద గులకరాయి ఏరుకొని నోట్లో వేసుకుందట. గొర్రెల కాపరులు చేసే పని. అది చప్పరిస్తూ దాటి నిమ్మకాయ ఎత్తింది.

నేను తల ఎత్తలేదు.

దాసన్న వచ్చి ఆరు కట్లూ విప్పాడు, ఆరు ముద్రలూ వేశాడు. నేను పేరు పేరునా చదివాను, జనం "విడిచె, విడిచె" అన్నారు. ఆ తరువాత చిట్టా మూయాలి. నేను మూయలేదు. చంకలో పెట్టుకొని తెచ్చిన ఇంకొక చిట్టా తీశాను. 1951వ సంవత్సరానిది, నువ్వు గెలిచిన ఏటిది.

ఇప్పుడు నీ ఉత్తరంలో తక్కిన రెండు మాటలకు జవాబు రాయాలి. మొదటిది. ఇంటికి రావాలని ఆరుసార్లు బయలుదేరానని, ఆరుసార్లూ ఆళ్ళగడ్డలోనో నంద్యాలలోనో ఎందుకో తెలియకుండానే బస్సు దిగి, ఎదురు బస్సులో కూర్చుని కడపలో తేలానని రాశావు. నాలుగేళ్ళుగా నువ్వు రాసిన బస్సు చెడిపోవడాలు, జ్వరాలు, యార్డులో పనులు అన్నీ సాకులని ఒప్పుకున్నావు. "నాకు అమ్మ మీద, నీ మీద ప్రేమ లేదేమో, నా మనసే చెడ్డదేమో" అని రాశావు. పున్నమికి యార్డుకు సెలవు, ఏడోసారి బయలుదేరతాను, ఈసారి కూడా చేరకపోతే ఇక ఆ ఊరి పేరెత్తను, నన్ను లేడనుకోండి అని రాశావు. పున్నమి రేపే.

నీ మనసు చెడ్డది కాదు. నీ మీద కట్టు ఉంది.

ఆ ఆఖరి ఆటలో ఆరో గీత మీద గిడ్డమ్మ నీకు దోవకట్టు వేసింది. నా చెవిలో చెప్పింది, నేను రాశాను. దోవకట్టు పడినవాడు పోవలసిన చోటికి ఎంత నడిచినా పాదాలు పక్కకు తిరుగుతాయి. నీవి తిరిగాయి. మూడుసార్లు గీత దాకా వచ్చి మూడుసార్లు కళ్ళం అంచుకు పోయావు. నాకు నీ అడుగుల చప్పుడు తెలుస్తూనే ఉంది. ఏ కట్టో తెలిసిన వాణ్ణి నేనొక్కడినే. తల వంచుకొని కూర్చున్నాను. తరువాత అడుగుల చప్పుడు మారింది. ముందు వేళ్ళు పడుతున్నాయి, తరువాత మడమ. నువ్వు వెనక్కి నడుస్తున్నావు. ముఖం వచ్చిన వైపు పెట్టి వీపుతో నడిస్తే దోవకట్టు పనిచేయదని నీకు ఎవరూ నేర్పలేదు. నువ్వే కనుక్కున్నావు.

ఇది రెండో మాటకు జవాబు. "నేను నిమ్మకాయ ఎత్తినప్పుడు కూడా నువ్వు తల ఎత్తలేదు నాయనా" అని రాశావు. నాలుగేళ్ళు ఆ మాట దాచుకొని ఇప్పుడు రాశావు. నువ్వు చూసేటప్పటికి నా తల వంగే ఉంది, నిజమే. అంతకు ముందు ఎత్తాను. నువ్వు వెనక్కి నడుస్తూ ఆరో గీత దాటడం చూశాను. నీ వీపు చెమటకు తడిసి ఉంది, ఎడమ మడమ పగిలి ఉంది. లేచి నిలబడ్డాను. భుజం మీద తువాలు తీసి పైకి విసిరాను. జనంలో కలిసి అరిచాను కూడా. ఏమి అరిచానో గుర్తు లేదు. కలం ఎక్కడ పడిందో తెలియదు.

నువ్వు నిమ్మకాయ ఎత్తి నా వైపు తిరిగేలోపల గబగబా కూర్చుని తల వంచుకున్నాను. నిన్ను భుజాల మీదికి ఎత్తారు. ఆ సందడిలోనే గిడ్డమ్మ వచ్చి విప్పడం మొదలుపెట్టింది. నేను కలం కోసం చాప కింద వెతుక్కుంటున్నాను. దొరికేసరికి ఆమె ముద్రలు వేస్తోంది. "అయిపోయినాయా, మామా?" అని అడిగింది. నేను వరసలు చూడకుండానే అయిపోయినాయి తల్లీ అన్నాను. ఆమె లేచి పోయింది. తరువాత చూస్తే అయిదు ముద్రలే ఉన్నాయి. ఆరో వరస పక్కన ఏమీ లేదు.

అప్పుడే పిలవవలసింది. నలభై అడుగుల దూరంలో ఉంది ఆమె. పొద్దు ఇంకా ఉంది. పిలిస్తే, రాసేవాడు తల ఎత్తాడని అందరికీ తెలుస్తుంది. తల ఎత్తినవాడి కొడుకు గెలుపు చెల్లుతుందా అని ఎవరైనా అంటారు. ఆమె పెదవులు కదలడం చూశాను కదా, అదీ విప్పే ఉంటుంది, ముద్ర వేయడమే మరిచిందని నాకు నేనే చెప్పుకున్నాను. విభూతిలో నా బొటనవేలు ముంచి ఆరో వరస పక్కన ముద్ర వేశాను.

చిట్టాలో విడుపు పడితే ఇక కట్టు ఉండదని ఈ బడిలో చదివినవాడివి. అందుకే నువ్వు కట్టును అనుమానించలేదు, నీ మనసును అనుమానించావు. అది నా వల్ల జరిగింది.

ఇంకొకటి కూడా రాయాలి. ఇది ఇప్పుడు తెలిసిన సంగతి కాదు. రెండేళ్ళ కిందట నీ మూడో సాకు వచ్చినప్పుడే నాకు అనుమానం తగిలింది. చిట్టా తీసి చూశాను. గిడ్డమ్మది చిన్న చేయి. అయిదు ముద్రలు చింతగింజంత ఉన్నాయి, ఆరోది వక్కంత ఉంది. చూసి మూసి అటక మీద పెట్టాను. ముప్పై ఏళ్ళ చిట్టాలలో తిమ్మయ్యది ఒక్క కొట్టివేత లేదని ఊరంతా అంటారు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాడికి ఆ మాట పెద్దది. అది పోతుందని రెండేళ్ళు నోరు మూసుకున్నాను. నువ్వు ఆ రెండేళ్ళలో మూడుసార్లు బయలుదేరావని ఇప్పుడు నీ ఉత్తరం చూసి లెక్క వేసుకున్నాను.

ఆదివారం కళ్ళంలో నిలబడి ఇదంతా చెప్పాను. నీకు జవాబు ఆపింది ఇందుకే, కళ్ళంలో చెప్పకుండా కట్టు విప్పించడానికి వీలు లేదు. నాకు పదిమందిలో మాట్లాడడం అలవాటు లేదు. అయినా చెప్పాను.

గిడ్డమ్మ లేచి వచ్చి చిట్టా చూసింది. "నేను అడిగినాను కదా మామా, అయిపోయినాయా అని," అంది.

"అడిగినావు తల్లీ. తప్పు నాది," అన్నాను.

"నాలుగేండ్లు ఆయప్పను పొగరుబోతని తిట్టుకుంటి. గెలిచినోనికి ఊరు కనపళ్ళేదని నవ్వితి," అని తన చేతులు చూసుకుంది.

ఈరక్క పొగాకు ఉమ్మి, "తిమ్మయ్యా, నీ బొటనేలు ఇట్లా తే," అంది. నా వేలు ముద్ర మీద ఆనించి చూసింది. సరిగ్గా సరిపోయింది. "కొడుకు దోవను నీ చిట్టాతోనే కట్టినావే! ముప్పై ఏండ్లు నీ రాతను నా కండ్ల మాదిరి నమ్మితి కదరా," అంది. ఆమె నన్ను రా అనడం అదే మొదలు. 

ఎవరో వెనక నుంచి, వాని గెలుపు కొట్టేయల్ల అన్నారు. ఈరక్క అటు తిరిగి, "యాడోడప్పా నువ్వు? నాయన తలెత్తితే కొడుకు కాళ్ళకు దోవ తెలిసినాదా? వాడు వీపు పెట్టి నడిచినాడు, నాయన మొగం వానికి యాడ కనపడ్తాది?" అంది.  నీ గెలుపు నీదే. నాలుగేళ్ళు నేను భయపడిన మాట అంతలో తేలిపోయింది.

దొంగ ముద్రను వేసినవాడే అందరి ముందూ కొట్టేయాలి, అప్పుడు గానీ కట్టినవాళ్ళు విప్పడానికి వీలు లేదు. ఆరో గీత మీద నిలబడి, ఇది నేను రాసిన అబద్ధం అని మూడుసార్లు చెప్పి, ముద్ర మీద అడ్డగీత గీశాను. నా చిట్టాలలో అదొక్కటే కొట్టివేత.

"వాడు తాకింది ఏదన్నా ఉండాదా?" అని అడిగింది ఈరక్క. నీ ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది. మీ అమ్మకు చూపించలేదు, బాగున్నాడని మాత్రం చెప్పాను. తీసి ఇచ్చాను. వంటింటి గుమ్మంలో పిండి చేతులతో నిలబడి మీ అమ్మ అది చూసింది. గిడ్డమ్మ ఉత్తరాన్ని ఆరో గీత మీద పెట్టి దోవకట్టు పేరు చెప్పి విప్పింది. ముద్ర వేసింది. చింతగింజంత ముద్ర.

ఏమీ జరగలేదు. కాగితం కదలలేదు. మనిషి ఎదురుగా లేనప్పుడు విడుపు పడిందో లేదో చెప్పడానికి గుర్తు లేదు. ఈరక్కను అడిగాను. "వాడు వచ్చి గడప తొక్కితే పడినట్టు. లేకుంటే లే," అంది.

తరువాత చిట్టా ఇమ్మంది. ఇచ్చాను. ఇక మీదట చిట్టా రామలక్ష్మమ్మ రాస్తుంది, ఆమె దేశం తిరిగి వచ్చేదాకా ఈరక్కే ఎవరితోనో రాయిస్తుంది. నాకు విభూతి, కుండలు, నిమ్మకాయలు మిగిలాయి. ఇది శిక్ష అని నేను అనుకోవడం లేదు. నువ్వూ అనుకోవద్దు.

మీ అమ్మ ఉత్తరం తీసుకుపోయి వంటింట్లో గిడ్డమ్మ చేత చదివించుకుంది. రెండుసార్లు చదివించుకుందట. ఇంటికి వచ్చాక నాతో ఒకే మాట అంది. "నాలుగేండ్లుగా వాన్ని తిట్టుకోని దినం లేదప్పా. ఆ తిట్లన్నీ ఇప్పుడు యాడ పెట్టుకోవల్ల?"  మళ్ళీ తనే, రొట్టె చల్లారిపోతాంది తిను అంది. తిన్నాను.

రేపు నువ్వు బయలుదేరేలోపల ఈ ఉత్తరం అందదని తెలుసు. తంతి ఇద్దామంటే కర్నూలు పోవాలి, పోయినా ఈ సంగతి పది మాటల్లో పట్టదు. ఒకవేళ రేపు కూడా నంద్యాలలో పాదాలు దింపేసి ఉంటే, ఈ ఉత్తరం చూశాక ఎనిమిదోసారి బయలుదేరు. మా పేరెత్తనని ఒట్టు పెట్టుకొని ఉంటే ఆ ఒట్టు నా మీద వేసి బయలుదేరు. బస్సులో వెనక్కి ముఖం పెట్టి కూర్చో. ఎవరైనా అడిగితే ఎదురుగాలి పడదని చెప్పు. కర్నూలు నుంచి కోడుమూరుకు ఎద్దులబండి మాట్లాడుకో, బండిలో వెనక్కి కాళ్ళు వేలాడేసుకొని కూర్చోవడం మామూలే, ఎవరూ నవ్వరు. కోడుమూరు దాటాక నాలుగు మైళ్ళు వీపుతో నడువు. రాళ్ళు ఉన్నాయి, నిదానంగా నడువు. మొదటి మైలురాయి దాకా నేను వచ్చి చేయి పట్టుకుంటాను. ఏ రోజు వచ్చేదీ ఒక కార్డు ముక్క రాయి.

యార్డులో బండలు కోసే దుమ్ము నోట్లోకి పోకుండా తువాలు కట్టుకో. దగ్గు వస్తోందని రాశావు, మిరియాల కషాయం తాగు.

ఇంతకంటే రాయడానికి నాకు చేతకాదు.

ఇట్లు,
చిట్టా లేని మీ నాయన,
తిమ్మయ్య.

9 మార్చి, బుధవారం. మబ్బు లేదు. గాలి తగ్గింది. సోమవారం టపా సంచి వెళ్ళిపోయింది, నిన్న పున్నమి సెలవు. ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది కనుక ఈ నాలుగు వరసలు చేరుస్తున్నాను. పొద్దున కుండలు కడిగి బోర్లించాను. ఆవుకు చొప్ప వేశాను. దూడ బాగా తాగుతోంది. నిన్న రోజంతా కోడుమూరు దోవ మీద మనవాళ్ళెవరూ రాలేదు. మీ అమ్మ రెండుసార్లు పోయి చూసి వచ్చింది.

ఇప్పుడు బయటి నుంచి పిలుస్తోంది. ఈ వరస ముగించి వస్తానన్నాను. "ఆ రాసేది ఆడ పెట్టి తలెత్తి చూడప్పా!" అంటోంది. కిటికీలోంచి చూస్తే మైలురాయి దగ్గర ఎవరో మనిషి, భుజాన సంచి. ఇంత దూరానికి ఎవరైనదీ ఆనవాలు పట్టలేను. తిన్నగా వస్తున్నాడు. ముఖం ఇటువైపే ఉంది. మీ అమ్మ చెప్పులు లేకుండానే దోవ మీదికి పోయింది. ఈ ఉత్తరాన్ని టపాలో